నాచు అనకూడని రోజు

మా అత్తయ్య రోలు కడగడం మొదలుపెట్టిందంటే ఎవరితోనో మాటామాటా వచ్చిందని అర్థం. ఆ రోజు పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఆవిడ రోలు కడిగేసి, తుడిచేసి, మళ్ళీ కడుగుతోంది.

"ఎవరి మీద కోపం అత్తా?" అన్నాను.

"ఎవరి మీదా లేదు. కూర్చో."

కూర్చున్నాను. పొయ్యి మీద పెద్ద గిన్నెలో సముద్రపు నాచుతో కాచే నాచుచారు మరుగుతోంది. ఆల్చిప్పల వాసన, నువ్వులనూనె వాసన కలిసి వాకిలి దాకా వస్తున్నాయి.

"ఇవాళ నా కొడుక్కి అరవై," అంది. "ఏ ఏడూ తప్పలేదు. వాడు పటాలంలో ఉన్నప్పుడు కూడా సీసాలో పోసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. నిన్న ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? అమ్మా, రేపు చారు వద్దు, ఆ మాట కూడా ఎత్తకు, అన్నాడు. తినకపోతే పోనీ. మాట కూడా ఎత్తకూడదట."

మా వైపు పరీక్షకెళ్ళే రోజున నాచు ఎవరూ ముట్టరు. నాచు జారుడుగా ఉంటుంది, తిన్నవాడు పరీక్షలో జారిపోతాడని. పుట్టినరోజున మాత్రం తినకపోతే కన్నతల్లిని అవమానించినట్టు. బిడ్డను కన్నాక తల్లి మొదట తాగేది ఆ చారే మరి. పుట్టినరోజూ పరీక్షా ఒకే రోజు పడితే ఏం చెయ్యాలో మా పెద్దలు చెప్పి పోలేదు.

ఆవిడ కొడుకు గిల్‌సప్ నాకు బావమరిది. ఊరి బళ్ళో ఇద్దరం ఒకే బెంచీ. నేను ఆరో తరగతి తరవాత పడవెక్కాను, అతను పుస్తకాలు పట్టుకుని పైకెళ్ళాడు. ఇప్పుడు మా దోల్గే ఊరి పక్కనే ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో షిఫ్టు పెద్ద. కొత్తగా కట్టిన మూడో రియాక్టరుకు పునాది తవ్విన రోజు నుంచీ ఏడేళ్ళు దాని చుట్టూనే తిరిగాడు. దాన్ని మొదటిసారి రాజేసేటప్పుడు ఆ కుర్చీలో తనుండాలన్నది అతని కోరిక. వేరే కోరికలు అతనికి ఉన్నట్టు మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, కూడా ఎరగదు.

ముహూర్తం నాలుగుసార్లు వాయిదా పడింది. ఒకసారి ఏదో వాల్వు కారింది. ఒకసారి పంపు మూలిగింది. ఒకసారి పంపు మూలగడం ఆపేసింది, ఎందుకాపేసిందో తెలుసుకోవడానికి పది రోజులు పట్టింది. నాలుగోసారి ఒక కాగితం మీద ముద్ర తలకిందులుగా పడిందట. అలా జరిగి జరిగి ఆ పరీక్ష వచ్చి గిల్‌సప్ పుట్టినరోజు మీద కూర్చుంది. పైగా ఆ నెలాఖరుతో అతని ఉద్యోగం అయిపోతుంది. మిగిలిన రోజులు సెలవే, ఆ రోజు పగటి డ్యూటీయే ఆఖరిది. సాయంత్రం ఆరింటికి కుర్చీ అప్పజెప్పాలి. అప్పజెప్పేది మన్‌బొక్‌కి. గిల్‌సప్, మన్‌బొక్ ఇరవై ఏళ్ళుగా ఒకరు తెచ్చిన బార్లీ టీ ఇంకొకరు ముట్టని మనుషులు.

ఆరులోగా రాజుకుంటే గిల్‌సప్ రాజేసినట్టు. లేకపోతే మన్‌బొక్. అంతే సంగతి.

"వాడు తినడులే అత్తా," అన్నాను.

"తినడని నాకు తెలుసు." పొయ్యి మీది గిన్నెలోంచి గరిటెతో నాచు తీసి రోట్లో వేసింది. దంచింది. ఎనభైమూడేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు ఊపిరి బిగపట్టి సముద్రం అడుగున నాచు కోసిన చేతులు అవి. నాచు ముద్దయ్యింది, ముద్ద మెత్తటి ఆకుపచ్చ గుజ్జయ్యింది. దాన్ని వేడి అన్నంలో వేసి, నువ్వులు చల్లి, ముల్లంగి ఆకు తరిగి కలిపి, ఉండలు చేసింది. ఒక్కొక్క ఉండకీ పల్చటి గుడ్డు పొర చుట్టింది. చాలా చేసింది. రెండు డబ్బాలు నిండాయి.

"చూశావా?" అంది.

"లేదు."

"మంచివాడివి. పచ్చగా ఉందేమని అడిగితే ముల్లంగి ఆకని చెప్పు."

"నేనేమీ చెప్పను."

"అది ఇంకా మంచిది."

డబ్బాలు మూటగట్టి నా చేతికిచ్చింది. చారు గిన్నె మీద మూత పెట్టి, ఇది సాయంత్రానికి, అంది.

కేంద్రం గేటు దగ్గరకెళ్ళేసరికి గు అనే కాపలాదారు కత్తి పట్టుకుని గేటు కమ్మీలు గీకుతున్నాడు. షిఫ్టు వాళ్ళ భార్యలూ తల్లులూ తెల్లవారకముందే వచ్చి కమ్మీల నిండా యొత్ అంటించి పోయారు. అది మొలకెత్తిన ధాన్యంతో చేసే బంకమిఠాయి. పరీక్ష రోజున బడి గేటుకు అంటిస్తారు, లోపలివాళ్ళు గట్టిగా అంటుకుని నిలబడాలని.

"ఇదేమన్నా బడా?" అన్నాడు గు నన్ను చూసి. "ఈ గేటు దాటి చిన్న స్క్రూ ఒకటి లోపలికి పోతే నూటపాతిక కాగితాలు రాయాలి. మిఠాయి పోతే ఏ కాగితం రాయాలో పుస్తకంలో లేదు."

"మీ ఆవిడ అంటించలేదా?"

గు కాసేపు గీకాడు. "ఆ చివరిది మా ఆవిడదే. అది ఉంచుతున్నా."

గిల్‌సప్ గేటు లోపల నిలబడి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, జుట్టుకి నీళ్ళు రాసి, పెళ్ళికొడుకులా ఉన్నాడు. మూట తీసుకుని వాసన చూశాడు.

"ఇందులో అది లేదుగా?"

"అన్నం ఉండలు."

"నిన్ను అడుగుతోంది అది కాదు బావా."

"నేను చెయ్యలేదు. మీ అమ్మ చేసింది."

"అందుకే అడుగుతున్నా."

నేను సముద్రం వైపు చూశాను. నేను ఎక్కువ మాట్లాడనని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఈ గుణం వల్ల జీవితంలో నాకు చాలా మేలు జరిగింది.

"ఏడు రోజుల్నుంచి మా గదిలో ఎవరూ ఆ మాట అనలేదు," అన్నాడు గిల్‌సప్. "క్యాంటీన్ వాళ్ళకీ చెప్పాను. నువ్వూ ఫోన్లో అనకు."

"నేను ఫోన్లో ఏమన్నా అంటానా?"

"అనవు. అయినా చెబుతున్నా."

నా పని సముద్రం వైపు, తెరల గదిలో. యంత్రాన్ని చల్లబరిచే నీళ్ళు సముద్రంలోంచి ఒక కాలవగా లోపలికొస్తాయి. ఆ దారికడ్డంగా జల్లెడల్లాంటి నాలుగు ఇనప తెరలు నిలువుగా తిరుగుతూ ఉంటాయి. చేపనీ, చెత్తనీ, జెల్లీ చేపనీ పట్టి పైకి తెచ్చి పారేస్తాయి. వాటికి ఊపిరాడకపోతే రియాక్టరుకీ ఆడదు. నేనూ, నాతో ఇద్దరు మనుషులూ ఆ తెరల దగ్గరుంటాం. కంట్రోల్ గదికీ మాకూ మధ్య గోడ ఫోను. ఆ రోజు ముఖ్యమైన రోజు కాబట్టి దాన్ని స్పీకరు మీద పెట్టి తెరిచే ఉంచారు.

రియాక్టరు రాజేయడమంటే అగ్గిపుల్ల గీయడం కాదు. గిల్‌సప్ ఒకసారి తాగుతూ నాకు చెప్పాడు. లోపల యురేనియం మధ్యలోకి అణిచిపెట్టే కడ్డీలు దిగి ఉంటాయి. వాటిని కొంచెం పైకి లాగి ఆగుతారు. నీళ్ళలో కలిపిన బోరాన్ కూడా అణిచిపెట్టేదే, దాన్ని కొంచెం పలచన చేసి ఆగుతారు. ఆగిన ప్రతిసారీ లోపలి న్యూట్రాన్ల లెక్క చూసి గళ్ళ కాగితం మీద చుక్క పెడతారు. చుక్కల్ని కలిపితే, లెక్క పెరిగే కొద్దీ గీత కిందికి దిగుతూ పోతుంది. అది అడుగును తాకేచోట నిప్పు తనంతట తాను నిలబడుతుంది.

"చూడ్డానికి ఏముంటుంది?" అన్నాను.

"ఏమీ ఉండదు. వినబడుతుంది."

నిజమే. ఆ రోజు స్పీకర్లోంచి ఆ లెక్క వినబడింది. టిక్... టిక్... అని, మూకుట్లో వేసిన బియ్యం అక్కడొకటీ ఇక్కడొకటీ చిట్లినట్టు. మధ్యాహ్నానికి కాస్త దగ్గరపడింది. మధ్యమధ్య హేరి గొంతు అంకెలు చదివేది. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టేది ఆ అమ్మాయే. ఇరవైతొమ్మిదేళ్ళు, పరీక్షలన్నీ మొదటిసారే గట్టెక్కింది. తన జీవితంలో పరీక్ష రోజున అది తిన్లేదని చెప్పుకుంటుంది.

రెండింటికి రెండో తెర మూలిగింది.

వెళ్ళి చూశాను. రెండ్రోజుల కింద పెద్ద గాలి కొట్టింది. ఏప్రిల్ నెల, నాచు బారెడు పొడుగు ఎదిగి కోతకొచ్చిన సమయం. గాలికి బండల మీదిది తెగి సముద్రంలో తేలుతూ తిరిగి తిరిగి, సరిగ్గా ఆ రోజే మా దారిలోకొచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, తెర పళ్ళకి జడలల్లినట్టు చుట్టుకుంది. దాని వెనక నీళ్ళ మీద ఇంకా ఉంది. ఒక పెరడంత.

ఫోన్ దగ్గరకెళ్ళాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఒకరు చెప్పింది విన్నవాడు తిరిగి చెప్పాలి, చెప్పినవాడు అవునని ఒప్పుకోవాలి. పొరపాట్లు జరగవు. ఇంట్లో మా ఆవిడతో ఒకసారి చేసి చూశాను. మళ్ళీ చెయ్యలేదు.

"కంట్రోల్ గది, తెరల గది నుంచి దల్‌సు."

"చెప్పండి దల్‌సుగారూ," అంది హేరి.

"రెండో తెర మీదికి వచ్చింది."

"రెండో తెర మీదికి వచ్చింది. ఏం వచ్చిందండీ?"

"మొన్నటి గాలికి తెగింది."

"మొన్నటి గాలికి తెగింది. ఏం తెగింది?"

నేను తెర వైపు చూశాను.

"అదా?" అంది హేరి గొంతు తగ్గించి.

"అదే."

"అర్థమైంది. రెండో తెర మీదికి అది వచ్చింది."

"అవును."

అప్పుడు ఇంకో గొంతు వినబడింది. రాజధాని నుంచి తనిఖీకొచ్చిన సొక్ గారిది. ఆయన సంతకం లేకుండా ఒక్క కడ్డీ కూడా ఒక్క అంగుళం లేవదు.

"అదంటే ఏమిటి?"

"సముద్రంలో ఉంటుంది సార్."

"చేపా?"

"చేప కాదు సార్. అది కదలదు."

"కదలనిది ఎలా వచ్చింది?"

ఇంకో కుర్రాడెవరో అందుకున్నాడు. "తినేదే సార్. పుట్టినరోజుకి తింటాం."

తరవాత సొక్ గారి గొంతు కాస్త దిగింది. "ఓహో. అదా."

"అదే సార్."

"చూడమ్మా, నాకూ తెలుసు. మా అబ్బాయి పరీక్షలు రాసినప్పుడు మా ఇంట్లో రెండు నెలలు ఆ డబ్బా మూతే తియ్యలేదు. కానీ చిట్టాలో 'అది' అని రాస్తే నేను సంతకం పెట్టలేను. ఏ వస్తువు, ఎంత, ఎక్కడ. పేరు రాయాలి. పేరు రాసేదాకా తరవాతి చుక్క పెట్టకండి."

"రాయాలంటే ముందు ఎవరైనా పైకి చెప్పాలి సార్, చెప్పింది తిరిగి చెప్పాలి. పద్ధతి అది కదా. మీరు చెప్పండి సార్, నేను తిరిగి చెప్తాను."

"నేను చెప్పను. నేను తనిఖీకి వచ్చినవాణ్ణి."

టిక్. టిక్. టిక్.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడయింది. "బావా," అన్నాడు గిల్‌సప్. "తెర మీద ఏముంది?"

పొద్దున దంచిన రోలు కళ్ళ ముందు కనబడుతోంది. "గిల్‌సప్, మధ్యాహ్నం అన్నం తిన్నావా?" అన్నాను.

"ఇప్పుడా అడిగేది?"

"తిన్నావా?"

"తిన్నాను. బాగుంది. ఒక్కటి మిగల్లేదు. ఇప్పుడు చెప్పు."

దాన్ని డబ్బాలో పెట్టుకుని గేటు దాకా మోసుకొచ్చింది నేను. నోరు మూసుకున్నదీ నేను. తెర మీదికొచ్చింది కూడా నా తెర మీదికే.

నేను చెప్పలేదు. గిల్‌సపే గొంతు సవరించుకుని, "నాచు," అన్నాడు. "రాయమ్మా హేరీ. నాచు."

"నాచు," అంది హేరి ఏడుపు గొంతుతో.

"అవును," అన్నాడు గిల్‌సప్.

పైకప్పు కూలలేదు. టిక్ టిక్ మాత్రం సాగుతోంది. నీటి మట్టం తేడా ఎంతని గిల్‌సప్ అడిగాడు. తెరకి అవతల నీళ్ళు ఒక మట్టం, ఇవతల ఒక మట్టం ఉంటాయి. తెర మూసుకుపోయే కొద్దీ తేడా పెరుగుతుంది. జానెడు ఉందని చెప్పాను. రెండు జానలైతే ఆపేయాలి.

"నాలుగింటికల్లా బెత్తెడులోకి దిగాలి," అన్నారు సొక్ గారు. "లేకపోతే కడ్డీలు దింపేసి మళ్ళీ రేపు మొదలుపెడదాం. అదే క్షేమం. ఇందులో మీ మీద నాకేమీ లేదు."

రేపంటే మన్‌బొక్.

నా ఇద్దరు మనుషులూ పొడుగాటి పళ్ళకర్రలతో లాగడం మొదలుపెట్టారు. ఒక గంప తీసేలోగా రెండు గంపలు వచ్చి పడుతున్నాయి. దారి మొదట్లోనే ఆపితే తప్ప లాభం లేదు. నా సొంత ఫోన్ తీసి అత్తయ్యకి చేశాను.

"అత్తా, మొన్నటి గాలికి తెగిన నాచంతా మా నీళ్ళ దారిలో పడింది. మిషన్ ఆపేస్తామంటున్నారు."

అవతల రోలు చప్పుడు ఆగింది. "వాడు డబ్బా తిన్నాడా?"

"ఖాళీ చేశాడు."

"వస్తున్నా," అంది.

అరగంటలో మూడు పడవలు వచ్చాయి. తొమ్మిది మంది ఆడవాళ్ళు, అందరి వయసులూ కలిపితే ఆరొందలు దాటతాయి. నల్ల రబ్బరు దుస్తులు, తలకి పూల గుడ్డలు, చేతుల్లో పొడుగు కర్రలకి కట్టిన కొడవళ్ళు. ముందు పడవలో మా అత్తయ్య.

సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ మీద నిలబడిన గు గొంతు మైకులోంచి వచ్చింది. "ఇవి నిషేధిత జలాలు. వెనక్కి వెళ్ళండి. ఇవి నిషేధిత జలాలు."

"ఎవర్రా అది, మన గు గాడివా?" అంది అత్తయ్య.

మైకు గొంతు తగ్గించింది. "అవును పెద్దమ్మా. అయినా వెనక్కి వెళ్ళాలి."

"నీ కాళ్ళ కిందున్న గోడ కింద ఉన్నది మా నాచు పెరిగే బండ. శరదృతువులో చీట్లేసి పంచుకునేవాళ్ళం, పదకొండేళ్ళు వరసగా నాకే వచ్చింది. దాని మీద గోడ కట్టారు. కట్టుకోండన్నాను. ఇప్పుడు నా పంట మీ ఇంట్లోకొచ్చింది. నా పంట నేను తీసుకుపోతానంటే నిషేధమంటావా?"

"అనుమతి కాగితం కావాలి పెద్దమ్మా."

ఇదంతా తెరిచిన ఫోన్లోంచి కంట్రోల్ గదికి వినబడుతూనే ఉంది, గోడ కెమెరాలో కనబడుతూనూ ఉంది. గిల్‌సప్ అన్నాడు, "సార్, ఊరి చేపలవాళ్ళతో మనకి ఒప్పందం ఉంది. ఎండాకాలం జెల్లీ చేపలొచ్చినప్పుడు ఈ పడవలే వచ్చి తీస్తాయి."

"జెల్లీ చేపలకి కదా," అన్నారు సొక్ గారు. "ఇది నాచు." ఆయన కూడా అనేశారు. ఇక ఎవరూ దాచుకోవడం లేదు.

కాగితాలు తిరగేసిన చప్పుడు. "జెల్లీ చేపలు మొదలైన సముద్రపు ప్రాణులు అని ఉంది సార్," అంది హేరి.

"నాచు ప్రాణేనా?"

"మా బళ్ళో ప్రాణే అని చెప్పారు సార్."

సొక్ గారు పెన్ను మూత తీసిన చప్పుడు వినబడింది. "గోడ బయటే ఉండాలి. గోడ లోపలికి ఒక్క కొడవలి కూడా రాకూడదు. రాయండి, మూడు పడవలు." తరవాత, "ఆ ముందున్నావిడ ఎవరు?"

"మా అమ్మ సార్," అన్నాడు గిల్‌సప్.

"రాయకండి," అన్నారు సొక్ గారు.

వాళ్ళు పని చేసిన తీరు నేను చెప్పాలంటే కష్టం. చూడాలి. మూడు పడవలూ అర్ధచంద్రాకారంలో నిలబడ్డాయి. వాటి మధ్య తాళ్ళు కట్టారు. తేలుతున్న నాచు మేటని గొర్రెల మందలా తోలి తాళ్ళ మధ్యకి తెచ్చి, కొడవళ్ళతో కోసి పడవల్లోకి లాగారు. ఒక్కరూ ఒక్క అడుగు కూడా తప్పుగా వెయ్యలేదు. మాటలు మాత్రం ఆగలేదు.

"ఆ లావు కాడ నాది, ముందు నేను పట్టా."

"పట్టినంత మాత్రాన నీదవుతుందా? నీ మొగుణ్ణి కూడా ముందు నేనే పట్టా."

"తీసుకుపోలేదేం మరి?"

"ఎండేసి చూశా. బాగాలేదు."

లోపల మేం ముగ్గురం తెరల పళ్ళు గీకుతున్నాం. నేను ముప్పై ఏళ్ళ వయసులో కూడా అలా పని చెయ్యలేదు. ఒక్కో గంప ఎత్తినప్పుడల్లా ఇది ఒక ఉండ, ఇది ఇంకో ఉండ, అనుకున్నాను. మూడున్నరకి తేడా జానెడే. నాలుగింటికి పది నిమిషాలుందనగా తెర మూలుగు తగ్గింది. నీళ్ళు తేటపడ్డాయి. కొలబద్ద చూశాను.

"కంట్రోల్ గది, బెత్తెడు. కాదు, మూడు వేళ్ళు."

"మూడు వేళ్ళు," అంది హేరి.

"అవును."

"చుక్క పెట్టండి," అన్నారు సొక్ గారు.

ఆ తరవాత మాకు వినడం తప్ప పని లేదు. పడవలు గోడ అవతల ఆగి ఉన్నాయి. అత్తయ్య పడవ అంచు మీద కూర్చుని, "ఏమంటోంది?" అని అరిచింది. నేను స్పీకరు గొంతు పూర్తిగా పెంచి తలుపు తీసి పెట్టాను.

ఇప్పుడు మూకుట్లో బియ్యం అక్కడొకటీ ఇక్కడొకటీ చిట్లడం కాదు. రేకు మీద వాన మొదలైనట్టుంది. హేరి అంకెలు చదువుతోంది, ప్రతి అంకె తరవాతా గిల్‌సప్ ఆగమంటాడు, ఆగుతారు, మళ్ళీ కొంచెం. ఐదింటికి వాన గట్టిపడింది. ఐదుంపావుకి చినుకుకీ చినుకుకీ మధ్య సందు లేదు. తరవాత ఎవరో ఆ చప్పుడు కట్టేశారు, ఇక వినాల్సిన అవసరం లేదు కాబట్టి.

"కడ్డీలు ఆపాం," అంది హేరి. "అయినా పెరుగుతోంది. తనంతట తను పెరుగుతోంది."

"తనంతట తను పెరుగుతోంది," అన్నాడు గిల్‌సప్.

"అవును."

"ఐదు గంటల ఇరవైరెండు నిమిషాలకి మూడో రియాక్టరు రాజుకుంది," అన్నాడు. ఆ మాట అద్దం ముందు ఏడేళ్ళు పలికి చూసుకుని ఉంటాడు. అవతల చప్పట్లు. కుర్చీలు. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. సొక్ గారిదే అయ్యుండాలి, ఆయన చేతిరుమాలు పెద్దది.

నేను బయటికొచ్చి అత్తయ్యకి చెయ్యి ఊపాను. ఆవిడ తల గుడ్డ విప్పి, పిండి, మళ్ళీ కట్టుకుంది. "పదండే, ఇంటికెళ్ళి చారు వేడి చెయ్యాలి," అంది.

ఆరు దాటి పది నిమిషాలకి గిల్‌సప్ గేటు బయటికొచ్చాడు. మన్‌బొక్‌కి కుర్చీ అప్పజెప్పేటప్పుడు ఇద్దరూ ఒకరికొకరు వంగి దండం పెట్టుకున్నారట. మన్‌బొక్ బార్లీ టీ పోసిచ్చాడట. తాగావా అంటే చొక్కా మడత సర్దుకున్నాడు.

గు గీకకుండా ఉంచిన ఆఖరి మిఠాయి పక్కనే అత్తయ్య గిన్నె పట్టుకుని నిలబడింది. జేబులో చెంచా. గిల్‌సప్ ఏమీ మాట్లాడకుండా గిన్నె అందుకుని, నిలబడే తినడం మొదలుపెట్టాడు.

"చూశావా అమ్మా," అన్నాడు సగం తిన్నాక. "పొద్దున దీన్ని ముట్టకుండా ఉండబట్టే అంత పెద్ద గండం గడిచింది. సముద్రమంతా మీదికొచ్చినా నేను జారలేదు."

"అవును నాయనా," అంది అత్తయ్య. "ఇంకొంచెం వెయ్యనా? రెండోసారి ఇంకా రుచిగా ఉంటుంది."

"ఇది మొదటిసారే కదమ్మా."

అత్తయ్య గిన్నెలోకి చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

అప్పుడు హేరి గేటులోంచి వచ్చింది. వెనకాల సొక్ గారు, కోటు చేతి మీద వేసుకుని. హేరి నేరుగా అత్తయ్య దగ్గరకొచ్చి వంగి దండం పెట్టింది.

"బామ్మా, మధ్యాహ్నం మీరు పంపిన ఉండలు మా గదిలో అందరికీ పంచారు ఈయన. సొక్ గారు నాలుగు తిన్నారు. ఎలా చేశారు? ముల్లంగి ఆకు మాత్రమే అయితే అంత మెత్తగా, జారిపోతున్నట్టు ఉండదు కదా?"

గిల్‌సప్ చెంచా ఆగింది. అమ్మను చూశాడు. తరవాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"బావా."

"ఊ."

"నువ్వు చూశావా?"

"చూడలేదు," అన్నాను. "అత్తయ్య అడిగినప్పుడు కూడా అదే చెప్పాను."

సొక్ గారు కోటు తొడుక్కున్నారు, విప్పారు, మళ్ళీ తొడుక్కున్నారు. "ఈ సంగతి చిట్టాలో ఎక్కడా అడగలేదు," అన్నారు ఎవరినీ చూడకుండా. "కాబట్టి జరగలేదు." కారు దగ్గరికి నడిచి, సగం దారిలో ఆగి, వెనక్కొచ్చి అత్తయ్య ముందు నిలబడ్డారు. "ఆ గిన్నెలో ఇంకా ఉందా?"

ఉంది. ఆయనకీ పోసింది. హేరికి పోసింది. గుకి పోస్తే డ్యూటీలో ఉన్నానన్నాడు, మళ్ళీ గేటు వెనక్కెళ్ళి తాగాడు.

గిల్‌సప్ ఖాళీ గిన్నె అమ్మ ముందుకు చాపాడు. ఆవిడ నింపింది.

"రేపట్నుంచి నీకు పని లేదుగా," అంది. "పొద్దున్నే రా. మూడు పడవల నాచు ఎండెయ్యాలి."

"ఎన్నింటికి?"

"ఐదింటికి."

"ఐదింటికి," అన్నాడు గిల్‌సప్ నోటినిండా చారుతో.

"అవును," అంది అత్తయ్య.